తూములపాలెంలో పుట్టిన బర్గరు

ప్రపంచమంతా ఎగబడి తింటున్న హాంబర్గరు తూములపాలెంలో పుట్టిందన్న సంగతి తూములపాలెంలో అందరికీ తెలుసు. కంపెనీవారి కాలంలో కాలువ తవ్వించడానికి వచ్చిన విల్మట్ దొర ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆకలికి ఆగలేక మట్టి మోసే కూలీల దగ్గరికి వెళ్లాడనీ, వాళ్లు రెండు రొట్టెల మధ్య ఇంత కూర పెట్టి చేతికిచ్చారనీ, దొర ఆ రుచికి ముచ్చటపడి, పని ముగించుకుని ఓడెక్కి అమెరికా వెళ్లి అక్కడివాళ్లకు నేర్పాడనీ ఆ ఊళ్లో బడికి వెళ్లని పిల్లలు కూడా గడగడా చెబుతారు. ఇంగ్లండు దొర అమెరికాకు ఎందుకు వెళ్లాడని అడిగినవారు లేరు. అడగడం మర్యాద కాదు.

పుస్తకాలు చెప్పేది వేరు. జర్మనీలోని హాంబర్గు రేవు పేరుతో చలామణీ అయిన కైమా వంటకం ఒకటి వలస వెళ్లిన జనంతో అమెరికా చేరిందనీ, దాన్ని రొట్టె మధ్య మొదట ఎవరు పెట్టారన్న విషయంలో అక్కడి ఊళ్లే నేనంటే నేనని ఇప్పటికీ తగువులాడుకుంటున్నాయనీ అవి చెబుతాయి. తగువు అక్కడే తెగనప్పుడు మధ్యలో మనమూ చేరితే తప్పేమిటన్నది తూములపాలెం వారి వాదన. తర్కశాస్త్రంలో ఈ పద్ధతికి ఇంకా పేరు పెట్టలేదు.

కొండ్రు ఇందుమతికి ఈ తగువుతో పని లేదు. ఆమె బర్గర్ బండి కాలువ లాకుల పక్కన, బస్సులు ఆగేచోట ఉంటుంది. భర్త చేపల బోట్ల మీద ఇంజను మెకానిక్కు. ఏడాదిలో సగానికి పైగా ఏదో ఒక రేవులో ఉంటాడు. ఇల్లు గడిచేదీ, కూతురి నర్సింగు చదువు సాగేదీ బండి మీదే. బస్సు ఆగి కదిలేలోగా చేతికందేది, వేడిగా ఉండేది, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో సంచి పట్టుకోవడానికి వీలిచ్చేది, పళ్లున్నవాడికీ లేనివాడికీ ఒకేలా మెత్తగా లొంగేది బర్గరే. అది లోకాన్ని గెలిచిందంటే, వెతికినా ఇంతకన్నా పెద్ద కారణం దొరకదు.

ఆమె అత్తగారు ఆదెమ్మ బండి వెనక పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతూ, "అంత నోరు తెరిస్తే దవడ ఊడి ఒళ్లో పడదటే! అదేం తిండే" అని రోజూ తిట్టేది. తిట్టడం పూర్తయ్యాక రోజూ ఒకటి తినేది.

ఈ ప్రశాంతతకు భంగం ప్రభుత్వంలోని ఒక పెద్దమనిషి పర్యటన వల్ల కలిగింది. ఆయన కారు లాకుల దగ్గర ఆగింది. ఆయన బర్గరు తిన్నాడు. తింటుండగా పక్కనున్నవారు విల్మట్ దొర కథ చెప్పారు. సాయంకాలం బహిరంగ సభలో ఆయన తూములపాలేన్ని "ప్రపంచానికి బర్గరును ప్రసాదించిన పుణ్యభూమి" అన్నాడు. చప్పట్లు ఆగకపోవడంతో, వాటిని ఆపడానికి, ఒక సంస్థను ప్రకటించాడు. బర్గర్ మూలరూప నిర్ధారణ మరియు పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆ విధంగా ఏర్పడింది.

సంస్థ డైరెక్టరుగా మాడుగుల త్రివిక్రమరావు రాజధాని నుంచి వచ్చాడు. అంతకు ముందు ఆయన ఉప్పునీటి మొసళ్ల విభాగం చూసేవాడు. బండి దగ్గరికి వచ్చి, రెండు బర్గర్లు వరసగా తిని, మీసాలకు అంటిన సాసు రుమాలుతో అద్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా! మీరు ఇక్కడ చేస్తున్నది వ్యాపారం కాదు. వారసత్వ నిర్వహణ."

"మునిసిపాలిటీ వాళ్లు తోపుడు బండి అంటారండీ" అంది ఇందుమతి.

"ఇకమీదట అనరు. ఈ స్థలం జన్మస్థల ప్రాంగణ పరిధిలోకి వస్తున్నది. మా ధ్రువీకరణ పొందిన విక్రేత మాత్రమే ఇక్కడ ఉండగలరు. ఆ విక్రేత తమరే కావాలని సంస్థ ఆకాంక్ష."

"మరి, ధ్రువీకరణ రాకపోతేనండీ?"

"ప్రాంగణాన్ని సుందరీకరిస్తాము" అన్నాడు త్రివిక్రమరావు ప్రేమగా.

ఆయన వెళ్లాక ఆదెమ్మ కోడలి వంక చూసింది. "సుందరీకరించడమంటే ఏంటే?"

"బండి తీసేసి పూలకుండీ పెడతారు అత్తయ్యా."

"అమ్మ, వాడి కడుపు మాడ! రెండు తిన్నాడు కదే!"

మొదటి సమావేశం కాలువ బంగళాలో జరిగింది. పొడుగాటి బల్ల మీద ఇందుమతి తన బర్గరును విడివిడిగా, ఏ పదార్థానికా పళ్లెం చొప్పున అమర్చింది. పోలీసులు స్వాధీనం చేసుకున్న సొత్తును విలేఖరులకు చూపించే తీరులో ఉంది ఆ అమరిక. వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ బత్తుల రాజ్యలక్ష్మిని నిపుణురాలిగా పిలిపించారు. అడిగిన ప్రశ్నకు నిజం చెప్పడం ఆవిడ అలవాటు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఆవిడ నియామకపు ఉత్తర్వులో లేదు.

లోపల ఏ మాంసం ఉండాలన్నది కార్యక్రమంలో మొదటి అంశం. దాన్ని ఎవరూ నోరు తెరవకముందే నిరవధికంగా వాయిదా వేశారు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. అది తేలేంతవరకు లోపల మాంసం ఉండరాదని మాత్రం తీర్మానించి, చికెను ముద్ద ఉన్న పళ్లేన్ని పక్కకు జరిపారు.

"తదుపరి అంశం, టమాటా. సదరు పదార్థం ఈ నేలదేనా మేడమ్?"

"కాదండి. దక్షిణ అమెరికా మొక్క. పోర్చుగీసువారి రాకతో మన దేశం చేరింది."

త్రివిక్రమరావు బల్ల మీద చరిచాడు. "చూశారా! అమెరికాకు బర్గరు ఇచ్చింది మనం. మనం ఇచ్చిన బర్గరులో అమెరికా కాయ ముందే ఎలా ఉంటుంది? ఇది చరిత్రకే అవమానం. తొలగించడమైనది. పచ్చిమిర్చి?"

"అదీ అక్కడిదేనండి."

మిరపకాయ పరాయిదన్న మాట విన్న తెలుగువారికి కలిగే బాధ గదిలో ప్రతి ముఖంలోనూ కనిపించింది. త్రివిక్రమరావు కూడా మిర్చి పళ్లెం వైపు చివరిసారి చూసుకున్నాడు. కాని కర్తవ్యం కర్తవ్యమే.

"తొలగించడమైనది. బంగాళాదుంప?"

"పెరూ ప్రాంతానిది."

"క్యాబేజీ?"

"యూరపు."

"ఉల్లి?"

"మధ్య ఆసియా అంటారు. చాలా పురాతన కాలంలోనే వచ్చింది కనుక మనదనుకున్నా..."

"మూలరూపానికి పాత, కొత్త లేవు మేడమ్. వచ్చిందా, పుట్టిందా? అదొక్కటే ప్రశ్న."

"వచ్చిందేనండి."

ఇందుమతి చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఒక్కో పళ్లెం బల్ల చివరికి పోతుంటే ఆమెకు కూతురి కాలేజీ ఒక్కో మెట్టు దూరమవుతున్నట్టు ఉంది. చివరికి బన్ను మిగిలింది. గోధుమ పశ్చిమాసియాదని రాజ్యలక్ష్మి చెప్పింది. జొన్నతో చేయవచ్చా అని త్రివిక్రమరావు ఆశగా అడిగాడు. జొన్న ఆఫ్రికాది. రాగీ ఆఫ్రికాదే.

"అయితే మన పూర్వులు ఏం తిని బతికారండీ?" అని ఇందుమతి నోరు జారింది.

"అది మా పరిధిలోని అంశం కాదు" అన్నాడు డైరెక్టరు.

రాజ్యలక్ష్మికి జాలి వేసింది. "మినుములు మనవే, అమ్మా. వంకాయ మనదే. నువ్వులు మనవి. మిరియాలు కూడా మనవే, మలబారు తీరానివి."

"మలబారు?" త్రివిక్రమరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అది వేరే రాష్ట్రం కదా."

మిరియాల పళ్లెం కూడా జరిగింది.

ఆ విధంగా మూలరూపం నిర్ధారణ అయింది. రెండు మినపరొట్టెల మధ్య, నువ్వుల నూనెలో మగ్గిన వంకాయ. ఉప్పు సముద్రానిది కనుక, సముద్రం ఎవరిదన్న ప్రశ్న అంతర్జాతీయమైనది కనుక, దాన్ని తాత్కాలికంగా అనుమతించారు. బర్గరు అన్న పేరు కూడా పరాయిదని ఆఖరున గుర్తించి, "అంతర్నిక్షిప్త ద్విరొట్టిక" అని నామకరణం చేశారు. బస్సు కదిలేలోగా ఆ పేరు చెప్పి కొనుక్కోవడం మామూలు ప్రయాణికుడికి సాధ్యం కాదు.

మర్నాటి నుంచి బండి మీద ద్విరొట్టిక తప్ప ఇంకేదీ అమ్మరాదని ఉత్తర్వు వచ్చింది. కాలువకు నీళ్లు వదిలే శుభదినాన పెద్దమనిషి వచ్చి దాన్ని లోకానికి అంకితం చేస్తాడు. ఆ రోజు వరకు నిబంధన తప్పకుండా అమ్మితేనే ఇందుమతికి ధ్రువపత్రం. ఒక్క టమాటా చక్రం కనిపించినా సుందరీకరణ.

మొదటి రోజు ఆటోవాళ్లు వచ్చారు. ఒకడు కొరికి, నమిలి, ఆలోచించి, "అక్కా, నాకు ఒంట్లో బాగోలేదని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఏం, ఎందుకు?"

"పథ్యం పెట్టావు కదా!"

రెండోవాడు వంకాయను రొట్టె నుంచి బయటికి లాగి చూసి మళ్లీ లోపల పెట్టాడు. దాని స్థితి చూసి ఎవరికైనా అదే చేయాలనిపిస్తుంది. వారం తిరక్కుండా బస్సులవాళ్లు లాకుల దగ్గర ఆపడం మానేసి, అవతలి ఊరి కూడలిలో ఆపసాగారు. ఇందుమతి పొద్దున్నే పొయ్యి వెలిగించి, సాయంత్రం చల్లారబెట్టి, మధ్యలో ఈగలు తోలింది. ఆదెమ్మకు తరగడానికి ఉల్లిపాయలు లేవు. ఏడవడానికి సాకు పోయిందని ఆవిడ అసలే చిరాగ్గా ఉండేది.

ఒకరోజు తనిఖీకి వచ్చిన త్రివిక్రమరావు జీపు బండి పక్కనే ఆగింది. అద్దం దించగానే వేయించిన చికెనూ, ఉల్లీ, టమాటా సాసూ కలిసిన వాసన గుప్పుమంది. ఆదెమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏం బాబూ, అవతలి ఊరి కూడలిదేనా?"

త్రివిక్రమరావు ఒడిలోని పొట్లాన్ని ఫైలు కిందికి తోశాడు. "తులనాత్మక అధ్యయనం, పెద్దమ్మా."

"సగం చదివినట్టున్నారు" అంది ఆదెమ్మ.

ఆయన ముఖం ఎర్రబడింది. చెడ్డవాడు కాడు. నిజానికి ఆ బండి బర్గరంటే ఊళ్లో ఎవరికన్నా ఆయనకే ఎక్కువ ఇష్టం. కాని సంతకం పెట్టినవాడు నాలుక మాట వినడం మొదలుపెడితే పరిపాలన సాగదని ఆయన నమ్మకం.

"సార్, కాస్త పచ్చిమిర్చి వేసుకోనివ్వండి" అని ఇందుమతి బతిమాలింది. "కావాలంటే పైకి కనిపించకుండా వేస్తాను."

"కనిపించని మిరపకాయ కూడా చరిత్ర దృష్టిలో మిరపకాయే, అమ్మా. మీరు భావితరాల కోసం త్యాగం చేస్తున్నారు."

"భావితరానికి కాలేజీ ఫీజు కట్టాలండీ."

ఆయన ఒడిలోని ఫైలు సర్దుకున్నాడు. జీపు కదిలింది. అద్దం ఎక్కించడం మాత్రం మరచిపోయాడు. ఆ వాసన లాకుల దాకా వెనక్కి వచ్చింది.

ఈలోగా సంస్థకు ఒక లోటు తెలిసివచ్చింది. జన్మస్థలం ఉంది, మూలరూపం ఉంది. లోకానికి చేర్చిన మహానుభావుడి స్మృతిచిహ్నం లేదు. విల్మట్ దొర సమాధి అమెరికాలో ఎక్కడుందో కనిపెట్టి, అక్కడి మట్టి పిడికెడు తెచ్చి, లాకుల దగ్గర మండపంలో నిక్షేపించాలని తీర్మానమైంది. ఇటువంటి పనులకు ఉత్సాహవంతులు ఎప్పుడూ సరిపడా దొరుకుతారు. త్రివిక్రమరావు నాయకత్వంలో అధ్యయన బృందం విమానం ఎక్కింది.

వారు తిరిగి వచ్చాక బంగళాలో నివేదిక చదివారు. ఊరి పెద్దలతోపాటు ఇందుమతిని కూడా పిలిచారు, ఫలహారం ఆమెదే. ఫలహారమంటే ద్విరొట్టికలు. వాటిని ఎవరూ ముట్టలేదు.

"బృందం అనేక శ్మశానవాటికలను సందర్శించినది" అని చదివాడు త్రివిక్రమరావు. "విల్మట్ అను పేరుగల సమాధులు కొన్ని కనుగొనబడినవి. అయితే తూములపాలెం ప్రస్తావన ఏ రాతి మీదనూ లేదు. కాగా, దొరవారు తమ ఘనతను చాటుకొనక అజ్ఞాతముగా జీవించిరని దీనివలన నిర్ద్వంద్వముగా రుజువగుచున్నది."

ఊరి పెద్దలు తలలూపారు. దొర మంచివాడని వారికి ముందే తెలుసు.

రాజ్యలక్ష్మి మెల్లగా అడిగింది. "ఏమీ దొరకకపోవడం కూడా రుజువేనా, సార్?"

"దొరికి ఉంటే ఇంకా మంచి రుజువు. దొరకలేదు కనుక ఉన్నదానితో సరిపెట్టుకున్నాము" అన్నాడాయన వినయంగా. అక్కడి ఒక పెట్రోలు బంకు వెనక నుంచి తెచ్చిన మట్టిని ఇత్తడి చెంబులో అందరికీ చూపించారు. మన మట్టి లాగే ఉందని ఒక పెద్దాయన ఆశ్చర్యపోయాడు.

ఆ సాయంత్రం ఇందుమతి బండి మీది రేకు డబ్బా తెరిచి చూసి మూసేసింది. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ధ్రువపత్రం వచ్చేనాటికి అమ్మడానికి బండే ఉండదు.

"మొక్కుకో" అంది ఆదెమ్మ.

"ఎవరికి?"

"మనకెవరున్నారే ఇక్కడ, కష్టమొస్తే? నీళ్లొదిలే రోజున వెళ్లేదెవరి దగ్గరికి?"

ఇందుమతి కాలువ గట్టు వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. బండి నిలబెడితే, టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, చికెను, ఏదీ తక్కువ కాకుండా నిండు బర్గరు పెడతానని మొక్కుకుంది. అత్తగారు అక్కడితో ఆగలేదు. "కోరిక తీరాక పెట్టడం కాదే, ముందే పెట్టు. ఆయన ఆఫీసరు మనిషి. ముందు చెయ్యి తడిపితేనే పని అవుతుంది" అని సవరించింది.

కాలువకు నీళ్లు వదిలే రోజు వచ్చింది. లాకుల పక్కన షామియానా, వేదిక, ఇత్తడి చెంబు కోసం పాలరాతి మండపం, పట్టుగుడ్డ కప్పిన పళ్లెంలో ద్విరొట్టిక, పక్కనే ఇందుమతి పేరు రాసిన ధ్రువపత్రం. పెద్దమనిషి కారు దారిలో ఉందని కబురు. త్రివిక్రమరావు మైకు పట్టుకుని చూసేసరికి ఎదురుగా కుర్చీలు ఖాళీ. జనం లేక కాదు. ఊరంతా వచ్చింది. కాని ఎవరూ ఆగడం లేదు. కొత్త బట్టలు కట్టుకుని, వేదికను తప్పుకుని, కాలువ గట్టు వెంట బారులు తీరి ఎక్కడికో నడుస్తున్నారు. కొందరి చేతుల్లో చుట్టలు, కొందరి చేతుల్లో సీసాలు.

"కార్యక్రమం ఇక్కడ! ఇక్కడ!" అని మైకులో అరిచాడు.

"వచ్చేస్తామండీ, దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం" అని నడుస్తూనే చెప్పారు.

కారు వచ్చేవేళకు కుర్చీలు నిండకపోతే మొసళ్ల విభాగం మళ్లీ తప్పదు. త్రివిక్రమరావు చెంబు చేత్తో పట్టుకునే గట్టు వెంట పరుగెత్తాడు. తుమ్మల మధ్య, ఏటేటా సున్నం పూసే ఒక రాతి దిమ్మె. దాని మీద వెలిగించిన చుట్టలు బారుగా పొగలు కక్కుతున్నాయి. మూతలు తీసిన బ్రాందీ సీసాలు. వాటి మధ్య అరటాకు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, ఇందుమతి ఒక బర్గరు పెడుతోంది. టమాటా చక్రాలు రెండు పక్కలా ఎర్రగా బయటికి తొంగి చూస్తున్నాయి. ఉల్లి ఉంది. పచ్చిమిర్చి ఉంది. వాయిదా పడిన మాంసం కూడా ఉంది.

"ఇందుమతిగారూ!" త్రివిక్రమరావు అరటాకు వైపు వేలు చూపాడు. "నిబంధనల ఉల్లంఘన! అదీ ఈ రోజున! మీ ధ్రువపత్రం రద్దు చేయక తప్పదు. బండి... బండి కూడా..."

ఇందుమతి లేచి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "అమ్మడానికి కాదండీ. మొక్కు."

"ఎవరికి మొక్కు? ఏ దేవుడు చికెన్ బర్గరు తింటాడు?"

"దేవుడు కాదు బాబూ, దొర" అంది ఆదెమ్మ చుట్ట వెలిగిస్తూ. "ఏటా నీళ్లొదిలే ముందు ఆయనకి చుట్టా, సీసా పెట్టకపోతే పొలాలకి నీళ్లెక్కవు. మా అత్త పెట్టింది, ఆవిడ అత్త పెట్టింది."

"ఏ దొర?"

"ఏ దొరేంటి! కాలువ తవ్వించిన దొర. విల్మట్ దొర."

తుమ్మకొమ్మల మీద పిట్టలు అరుస్తున్నాయి. త్రివిక్రమరావు దిమ్మె వైపు చూశాడు. చేతిలోని చెంబు వైపు చూశాడు.

"ఆయన... ఇక్కడున్నాడా?"

"మరెక్కడుంటాడు?" అంది ఆదెమ్మ.

అన్నాక ఆవిడ చుట్ట నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. చుట్టూ ఉన్న ఊరి పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అమెరికా వెళ్లిన దొరను వారు నోటితో నమ్మారు. గట్టు మీది దొరను కాళ్లతో నమ్మారు. నోరూ కాళ్లూ ఒకదానికొకటి ఎదురుపడే అవసరం ఆ రోజు వరకు కలగలేదు.

"ఆత్మ వెళ్లి ఉండవచ్చు" అన్నాడు ఒక పెద్దాయన, ఊరి పరువు కోసం.

రాజ్యలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ఈసారి ఎవరూ అడగకుండానే మాట్లాడింది. "రొట్టె చేతిలో పట్టుకుని వెళ్లడం ఆత్మకు కష్టమండి."

దూరంగా కారు హారను వినిపించింది. త్రివిక్రమరావు చెంబును దిమ్మె పక్కన పెట్టి, మెట్టు మీద కూలబడ్డాడు. తరవాత లేచి ప్యాంటు దులుపుకుని, ఆఫీసు గొంతుతోనే అన్నాడు.

"మూలమే లేనప్పుడు మూలరూప నిబంధన వర్తించదు. ఇందుమతిగారూ, తమరి బండి యథాస్థానంలో, యథాపదార్థాలతో కొనసాగవచ్చును."

"కాగితం మీద రాసిస్తారాండీ?"

"ఇప్పుడే ఇస్తాను. కలం ఉందా?"

ఆదెమ్మ కోడలి భుజం మీద ఒక్కటి వేసింది. "నే చెప్పానా? ముందే పెట్టాలని!"

పెద్దమనిషి చేతుల మీదుగా ఆ రోజు ద్విరొట్టిక అంకితం జరగలేదు. ఆయన బండి దగ్గర నిలబడి మామూలు బర్గరు తిని వెళ్లిపోయాడు. తూములపాలెంలో పెద్దలను అడిగితే ఇప్పటికీ బర్గరు అక్కడే పుట్టిందంటారు. తీసుకువెళ్లినవాడు ఎవరో తెలియదు గాని ఎవరో ఒకరు తీసుకువెళ్లారంటారు. వారిని ఒప్పించడం ఎవరి తరమూ కాదు. అయితే కాలువ సంగతి వేరు; అది కళ్లెదుట ఉంది. విల్మట్ దొర దాన్ని తవ్విస్తూ చలిజ్వరంతో ఆ గట్టు మీదే కన్నుమూశాడు. తొలిసారి తలుపులెత్తి నీళ్లు వదిలిన నాటికి ఆయన అప్పటికే ఆ దిమ్మె కింద ఉన్నాడు. తూములపాలెం వచ్చాక ఆయన ఏ ఓడా ఎక్కలేదు.